దిష్టి చుక్క లేని పాప

శ్రీకాకుళంలో మా ఫ్లెక్సీ షాపుకి వచ్చేవాళ్ళు రెండు రకాలు. తమ మొహం పెద్దదిగా కావాలనేవాళ్ళు, పక్కవాడి మొహం చిన్నదిగా కావాలనేవాళ్ళు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, కన్నీటి నివాళులు అన్నీ ఒకే మిషను మీద, ఒకే సిరాతో అచ్చయ్యేవి. ఒకాయన తనని కాస్త తెల్లగా చెయ్యమంటే చేశాను. వాళ్ళావిడ ఈయనెవరని అడిగిందట, ఫ్లెక్సీ వెనక్కి తెచ్చి నా బల్ల మీద పడేశాడు. ఇలాంటి చోట కూర్చున్నవాడికి తనొక కళాకారుడినన్న సంగతి తానే రోజూ గుర్తు చేసుకోవాలి. నేను చేసుకునేవాణ్ణి. విశాఖలో కొన్నాళ్ళు ఉండి బొమ్మలు కదిలించే పని నేర్చుకున్నాను మరి.

రెండు వేల పదుల్లో మాట ఇది. సెల్‌ఫోన్లలో వీడియోలు అప్పుడప్పుడే మా ఊళ్ళకి వస్తున్నాయి. ఒక స్వచ్ఛంద సంస్థ మేడం షాపుకి వచ్చి, పిల్లలకి టీకాలు వేయించమని చెప్పే చిన్న కార్టూన్ వీడియో కావాలంది. "రెండు నిమిషాలు మించకూడదు, అందరికీ అర్థం కావాలి, పాజిటివ్‌గా ఉండాలి" అని మూడు ముక్కలు చెప్పింది. పల్లెల్లో ప్రొజెక్టరు పెట్టి చూపిస్తారట. భావనపాడు కూడా ఉందా అని అడిగాను. ఉందంది. వెంటనే ఒప్పుకున్నాను.

ఒప్పుకున్నది కళ కోసమని షాపులో అందరికీ చెప్పాను గానీ, అసలు సంగతి వేరు. మా అక్కని ఇచ్చింది భావనపాడే. బావ గుజరాత్ బోట్ల మీదకి వేటకెళ్ళిపోయాడు, ఇంట్లో పెత్తనమంతా వాళ్ళమ్మది. మా మేనకోడలికి తట్టు టీకా వేయించే వయసు వచ్చింది. అంతకుముందు వేయించిన టీకాకి పిల్లకి ఒళ్ళు కాలిపోయేలా జ్వరం వచ్చింది. దాంతో అత్త సూది అన్న మాట ఇంట్లో ఎత్తొద్దని శాసనం చేసేసింది. అక్క ఫోను చేసి ఏడ్చేది. "ఆవిడకి నానేటి సెప్పినా ఎక్కదురా. నువ్వొచ్చి ఏదో ఒకటి సెయ్యి."

అక్క అంత బెంగపడడానికి కారణముంది. నా తర్వాత మాకొక తమ్ముడు పుట్టాడు. పాకే వయసులో తట్టు పోసి చనిపోయాడు. నాకు వాడి మొహం గుర్తులేదు, నడుముకి కట్టిన నల్లతాడు ఒక్కటే గుర్తుంది. అక్కకి అంతా గుర్తే. మా ఇంట్లో ఆ సంగతి ఎవరూ మాట్లాడరు. అమ్మ చేపల బుట్ట ఎత్తుకుని బజారుకి పోయేటప్పుడు ఎక్కడైనా పసిపిల్లాడు పాకుతుంటే దారి మార్చి వెళ్ళేది. అంచేత ఈ పిల్లకి సూది పడడమన్నది అక్కకి అన్నం కన్నా ముందు మాట. ఆ రెండు నిమిషాల వీడియో నేను నిజానికి ఒక్క మనిషి కోసం తీశాను, ఆవిడ మా అక్క అత్తగారు.

కష్టపడ్డాను. బొమ్మ పాపకి ఒక్కొక్క కనురెప్ప వెంట్రుక విడివిడిగా వేశాను. తట్టు పురుగుని ఎర్రగా, పొట్టిగా, కోరలతో వేశాను. తల్లి పాపని ఎత్తుకుని నవ్వుకుంటూ వెళ్తుంది, నర్సమ్మ నవ్వుతూ సూది వేస్తుంది, పాప కిలకిలా నవ్వుతుంది, పురుగు కాళ్ళకి బుద్ధి చెప్తుంది. చివర్లో నర్సమ్మ మనవైపు తిరిగి, "తట్టు రాకుండా కాపాడేది ఈ సూదే" అంటుంది. గొంతు ఇవ్వడానికి ఎవరూ దొరక్క నర్సమ్మకి నేనే సన్నగా మాట్లాడాను. మేడం చూసి, "చాలా పాజిటివ్‌గా ఉంది" అని మెచ్చుకుంది.

మొదట గరివిడిలో వేశారు. ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు, చుట్టుపక్కల రైతులు ఒక హాల్లో కుర్చీల్లో కూర్చుని చూసి, చప్పట్లు కొట్టి, బిస్కట్లు తిని వెళ్ళిపోయారు. ఒక్కరు కూడా ప్రశ్న అడగలేదు. నేను దాన్ని విజయం అనుకున్నాను.

భావనపాడులో హాలు లేదు. పొద్దు గూకుతుండగా తీరంలో రెండు పడవల మధ్య అక్క ఇంటి దుప్పటి కట్టారు. సముద్రం గాలికి దుప్పటి ఉబ్బినప్పుడల్లా నర్సమ్మకి నెలలు నిండినట్టు కనిపించేది. గాలి తగ్గితే పాప బుగ్గలు పీక్కుపోయేవి. ఊరు ఊరంతా ఇసకలో కూర్చుంది. ముందు వరసలో, అందరికీ అడ్డంగా, మా అత్త. ఆవిడ కూర్చుంటే వెనకవాళ్ళే సర్దుకోవాలి.

నర్సమ్మ నోరు తెరవగానే ఎవరో అన్నారు. "పాపం, నర్సమ్మకి గొంతు రాసినట్టున్నాది. ఆవిడే ఏదో మందు ఏసుకోవాల."

నవ్వులు. నేను పళ్ళు బిగించాను. పాప సూది వేయించుకుని కిలకిలా నవ్వేసరికి ఇంకో ముసలమ్మ గట్టిగా అడిగింది. "సూదేసుకుని నవ్వే గుంట ఏ ఊర్లో ఉన్నాదిరా బాబూ? మాకూ సూపించు."

వీడియో అయిపోయింది. అత్త లేచి, దుప్పటి దగ్గరకంటా వెళ్ళి, ఆగిపోయిన బొమ్మలో పాప మొహం ఎగాదిగా చూసింది. నా కనురెప్పల పనితనం గమనించిందనుకుని నేను వినయంగా నిలబడ్డాను.

"అల్లుడా, ఈ గుంటకి సుక్కేది?"

"ఏ చుక్క అత్తా?"

"ఏ సుక్కంటాడు! దిస్టి సుక్క! బుగ్గన నేదు, నుదుట నేదు, అరికాల్లో నేదు. ఈ తల్లేటి తల్లిరా, బొట్టూ కాటుకా నేకుండా పసిగుంటని పదిమందిలోకి ఎత్తుకెల్లిపోతన్నాది!"

ఆడవాళ్ళంతా ఒక్కసారి అవునంటే అవునన్నారు. రెండు నెలలు పని చేశాను, ఎవరికీ కనురెప్పలు కనబడలేదు, లేని చుక్క కనబడింది. నాకు ముక్కు మీద కోపమని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"అది బొమ్మత్తా. బొమ్మకి దిష్టేమిటి?"

"బొమ్మయితే మటుకు ఇంతమంది సూడ్డం నేదేటి? కళ్ళయితే నిజమైనయ్యే గదా." అత్త నా వైపు తిరగలేదు, ఊరి వైపు తిరిగింది. "ఇప్పుడు తెలిసినాది నాకు. మన గుంటకి ఆ రోజు జొరం ఎందుకొచ్చినాదో! కోడలు తొందర్లో సుక్క ఎట్టకుండానే తీసుకెల్లిపోనాది. అంతమంది కళ్ళు పడ్డాయి. సూది కాదర్రా, దిస్టి!"

ఇప్పుడు ఆలోచిస్తే ఆ క్షణంలో నేను చెయ్యాల్సింది ఒక్కటే. నోరు మూసుకుని, ప్రొజెక్టరు సర్దుకుని, అక్క పెట్టే చేపల పులుసు తిని, మర్నాడు బస్సెక్కడం. అత్త తనంతట తానే సూది మీద కేసు కొట్టేసింది. కొన్ని నెలలుగా అక్క ఏడ్చి సాధించలేనిది నేను మర్చిపోయిన ఒక చుక్క సాధించింది. కానీ నేను చదువుకున్నవాణ్ణి. మూఢనమ్మకాన్ని చూస్తూ ఊరుకోకూడదని ఎక్కడో చదివాను కూడా.

మైకు అందుకుని ఊరందరికీ వినబడేలా అన్నాను. "అత్తా, దిష్టీ లేదు గిష్టీ లేదు. జ్వరం వచ్చింది సూది వల్లే!"

జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుందనీ, భయపడక్కర్లేదనీ తర్వాత వాక్యం నా నోట్లోనే ఉంది. అది బయటికి వచ్చేలోపే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని లేచిపోయారు.

"ఈడియో తీసినోడే సెప్పేసినాడర్రా, సూది వల్లేనంట!"

అక్క నుదురు కొట్టుకుంది. ఆ రాత్రి నాకు పులుసులో చేప ముక్క పడలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ అనేది. ఆవిడ చేపలమ్మిన అనుభవంతో చెప్పింది, నేను ఫ్లెక్సీలు వేసే అనుభవంతో వినలేదు.

తర్వాత బుధవారం టీకాల రోజు అంగన్‌వాడీలో నర్సమ్మా ఆశా వర్కరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారట. మేడం ఫోను చేసింది.

"అసలు ఏం చూపించారండీ మీరు వాళ్ళకి?"

"చూపించింది బాగానే ఉంది మేడం. మాట్లాడిందే కొంచెం తేడా వచ్చింది."

అక్క కూడా ఫోను చేసింది. తిట్టడానికనుకున్నాను. తిట్టింది కూడా. తిట్టాక ఇంకో సంగతి చెప్పింది. "ఒరే, ఊర్లో అందరూ నన్నడగతన్నారురా. ఈడియో పాపకి ఎలగున్నాదని."

"ఏ పాప?"

"నీ బొమ్మ పాపేరా. జొరం వస్తాదని నువ్వే సెప్పినావు గదా. రాత్రి ఎలగ గడిసినాదో, తగ్గినాదో నేదోనని అడగతన్నారు. వలలు బాగుసేసుకున్నకాడ అదే మాట, కుళాయికాడ అదే మాట. నానేటి సెప్పాల?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఫోను పెట్టేసి నా వీడియో మళ్ళీ వేసుకుని చూశాను. గరివిడిలో చప్పట్లు కొట్టినవాళ్ళెవరూ పాప ఎలా ఉందని అడగలేదు. ఇక్కడ తిట్టినవాళ్ళు అడుగుతున్నారు. సూది పడ్డాక ఇంటికెళ్ళి ఏం జరుగుతుందో ప్రతి తల్లికీ తెలుసు, నా వీడియోకి మాత్రం తెలియదు. మేడం పాజిటివ్‌గా ఉండాలంది, నేను నవ్వించి పంపేశాను.

రెండో వీడియో మొదలుపెట్టాను. ఇందులో పాప సూది పడగానే నోరంతా తెరిచి ఏడుస్తుంది. ఇంటికెళ్ళాక ఒళ్ళు వెచ్చబడుతుంది. నాయనమ్మ నర్సమ్మ ఇచ్చిన మందు పోసి, తడిగుడ్డతో తుడిచి, ఒళ్ళో పడుకోబెట్టుకుంటుంది. తెల్లారి పాప లేచి రొయ్యపొట్టు ఎండబెట్టిన చాప మీదకి పాకుతుంది, నాయనమ్మ కేకలేస్తుంది. నాయనమ్మకి మా అత్త ముక్కుపుడక పెట్టాను. వంగి నిలబడే తీరు కూడా ఆవిడదే తీసుకున్నాను. అడిగితే కాదంటాను.

ఇక చుక్క. ఫ్లెక్సీ మీద చుక్క పెట్టడం రెప్పపాటు పని. కదిలే పాప బుగ్గన పెట్టడం మాత్రం నరకం. పాప తల తిప్పితే చుక్క జారి చెవి మీదకి వెళ్ళేది. కిందకి చూస్తే మెడ మీదకి దిగేది. ఒకచోట పాపని వదిలేసి నర్సమ్మ ముక్కు మీద వాలింది, ఈగ వాలినట్టు. ప్రతి బొమ్మలోనూ దాన్ని పట్టుకుని తెచ్చి బుగ్గన కూర్చోబెట్టాను. అన్ని వందల సార్లు దిష్టి చుక్క పెట్టిన తల్లి ఈ జిల్లాలో ఉండదు.

మేడం చూసింది. "బాగుంది. కానీ చెంప మీద ఆ నల్లటిదేమిటి? దిష్టి చుక్క కాదు కదా? మనం అలాంటివి ప్రోత్సహించకూడదు."

"పుట్టుమచ్చ మేడం."

"ముందు వీడియోలో లేదే?"

"పాప పెరుగుతోంది కదా మేడం, ఇప్పుడు బయటపడింది."

మేడం నన్నొకసారి, పాపనొకసారి చూసింది. ఆవిడా ఎవరో ఒకరి చేత బుగ్గన చుక్క పెట్టించుకునే పెరిగి ఉంటుంది. సరే, వేసెయ్యమంది.

మళ్ళీ అదే తీరం, అవే రెండు పడవలు. దుప్పటి మాత్రం వేరేది. అక్క కోపంతో పాతది ఇవ్వనంది, పక్కింటివాళ్ళ పువ్వుల దుప్పటి తెచ్చి తిరగేసి కట్టాం. ఈసారి పిలవకుండానే వచ్చారు. చుట్టపుచూపుకి వచ్చినట్టు వచ్చి కూర్చున్నారు. పాప ఏడిస్తే ఆడవాళ్ళు నాలుక చప్పరించారు. ఒళ్ళు వెచ్చబడ్డప్పుడు, "ఆ గుడ్డ ఇంకోపాలి తడపమని సెప్పండర్రా" అని ఎవరో దుప్పటికి సలహా ఇచ్చారు. తెల్లారి పాప రొయ్యపొట్టు మీదకి పాకగానే తీరమంతా గొల్లుమంది. మగవాళ్ళు ఈలలు వేశారు. నాకు కళ్ళు చెమర్చాయి, ఇసక పడిందని చెప్పాను.

అత్త మటుకు వీడియో అవగానే లేచి ఇంటికి వెళ్ళిపోయింది. అక్క మొహం వాడిపోయింది. నేను వైర్లు చుడుతున్నాను. ఇంతలో అత్త తిరిగొచ్చింది. కొంగున ఏదో పట్టుకుని ఉంది.

"పాపని మళ్ళీ ఎయ్యి" అంది.

"వీడియో మళ్ళీ వెయ్యనా అత్తా?"

"ఈడియో కాదు, పాపని. నవ్వతున్నకాడ ఆపు."

ఆపాను. అత్త కొంగు విప్పింది. గుప్పెడు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు. పువ్వుల దుప్పటి మీద పెద్దగా నవ్వుతున్న పాప ముందు నిలబడి, అటు మూడుసార్లు ఇటు మూడుసార్లు తిప్పి, ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, తీరానున్నోళ్ళ దిష్టి, బొమ్మేసినోడి దిష్టి అని వరసగా అప్పగించింది. చివరిది నేనే. పక్కన ఆడవాళ్ళు కొబ్బరాకులు రాజేసి ఉంచారు. అత్త గుప్పెడూ అందులో పడేసింది.

మిరపకాయలు చిటపటలాడాయి. అందరం ముక్కులు ఎగబీల్చాం. ఘాటు లేదు. ఒక్కరికీ తుమ్ము రాలేదు.

"సూసినారా!" అత్త చేతులు తిప్పింది. "కొసరంత ఘాటు కూడా నేదు! ఎంత దిస్టి తగిలినాదో పసిగుంటకి!"

దిష్టి గట్టిగా తగిలితే మిరపకాయలు కాల్చినా ఘాటు రాదని మావాళ్ళ లెక్క. ఆ లెక్క సరే. కానీ ఆ సాయంత్రం సముద్రం గాలి మా వెనక నుంచి ఒకటే ఈడ్చి కొడుతోంది. పొగంతా రోడ్డు పక్కన టీ కొట్టు మీదకి పోతోంది. టీ కొట్టు దగ్గర మగవాళ్ళందరూ గ్లాసులు కింద పెట్టేసి, కళ్ళు తుడుచుకుంటూ, పేగులు బయటికొచ్చేలా దగ్గుతున్నారు. అటు చూసింది నేనొక్కణ్ణే. గాలి గురించి చెప్పడానికి నోరు తెరిచాను.

అక్క నా పాదం మీద కాలు వేసి మొత్తం బరువు వేసింది. నోరు మూసేశాను. ఆ మూసిన నోరు టీకాల బుధవారం దాకా తెరవలేదు.

బుధవారం అంగన్‌వాడీ ముందు తల్లుల వరస. ముందు మా అత్త, ఆవిడ చంకన నా మేనకోడలు. చుక్క కాదది, బుగ్గ సగం కాటుకే. నుదుట ఒకటి, గడ్డాన ఒకటి, రెండు అరికాళ్ళలో రెండు. వరసలో ఏ పిల్ల బుగ్గ చూసినా నలుపే. నర్సమ్మ జబ్బ పట్టుకుని సూది వేసేసరికి ఆవిడ చేతులు కూడా నల్లబడ్డాయి. "ఏటమ్మా, పిల్లల్ని తెచ్చినారా, బొగ్గులు తెచ్చినారా" అని ఆవిడ విసుక్కుంది. అత్త ఆ మాట పట్టించుకోలేదు. అందరూ టీకాల ఐసు డబ్బా వైపే చూస్తున్నారని దాని మూత మీద కూడా ఓ చుక్క పెట్టింది. నర్సమ్మ అరుస్తూనే ఉంది.

మా మేనకోడలికి సూది పడింది. ఊరంతా వినబడేలా ఏడ్చింది. నాకు అంత కమ్మగా వినిపించిన ఏడుపు లేదు. అరగంట కూర్చుని వెళ్ళమన్నారు. అరుగు మీద కూర్చున్నాం. పిల్ల వెక్కిళ్ళు తగ్గి నా చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. హమ్మయ్య అనుకుంటూ అక్క వైపు చూశాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కుళ్ళి కుళ్ళి ఏడుస్తోంది.

"అయిపోయింది కదే. ఇంకేటి?"

"తమ్ముడికి నాను సుక్క ఎట్టనేదురా" అంది.

నాకు అర్థం కాలేదు.

"అమ్మ బజారుకెల్లిపోనాది. అమ్మోరి పండగ. ఆడిని నానే ఎత్తుకుని సూడ్డానికెల్లిపోనాను. సుక్క ఎట్టాలని తెలుసు, కాటుక దొరకనేదు. అందరూ ఆడినే సూసినారు, ఎంత బాగున్నాడో అన్నారు. ఆ తరవాతే తట్టు పోసినాది. ఎవరికీ సెప్పనేదు నాను. అమ్మకీ సెప్పనేదు."

ఇన్నేళ్ళు. పెళ్ళి చేసుకుని, పిల్లని కని, సూది వేయించడానికి అత్తతో పోట్లాడుతూ, లోపల ఇది మోస్తోంది. చుక్క వల్ల కాదే, చుక్కకి ఏ శక్తీ లేదే అని అరవాలనిపించింది. కానీ ఆ మాటే కదా మైకులో అరిచి ఊరంతటినీ లేపి పంపించాను. ఇక్కడ ఇంకా సగం మంది తల్లులు వరసలో ఉన్నారు. పక్కనే అత్త ఉంది. అందరూ మా వైపే చూస్తున్నారు. చెప్తే వీళ్ళు పోతారేమో, చెప్పకపోతే అక్క ఇలాగే ఉండిపోతుంది. పిల్ల నోట్లోంచి నా గుండీ లాగడం మొదలుపెట్టాను.

అత్త అక్క గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఎర్రి మొకమా! తట్టుకి సుక్కేటి సేస్తాదే? సుక్క మడుసుల కళ్ళకి. తట్టుకి సూది. నీ తమ్ముడి ఈడియోలో నర్సమ్మ సెప్పనేదేటి, తట్టు రాకుండా కాపాడేది ఈ సూదేనని? ఆ సిన్నోడికి అప్పుడు సూది పడనేదు, పోనాడు. మజ్జిలో నువ్వేటి సేసినావు? కాటుక కాయే అందని గుంటవి."

అక్క ఏడుపాపి ఆవిడ వైపే చూసింది. "నిజమేనేటత్తా?"

"మరి కాదేటి? నర్సమ్మ అబద్దం సెప్తాదా?"

ఆ నర్సమ్మ గొంతు నాది. రాసిందని ఊరంతా నవ్విన గొంతు.

అత్త పిల్ల బుగ్గ మీద కాటుక బొటనవేలితో రాసి తీసి, అక్క చెంపన ఇంత చుక్క పెట్టింది. "ఇంతమందిలో ఏడవకు, దిస్టి తగుల్తాది. లే, ఇంటికి పోదాం. బేగి వంట సెయ్యాల, మీ తమ్ముడికి ఈ పూటైనా సేప ముక్క ఎయ్యి."

అక్క పిల్లని ఎత్తుకుని లేచింది. ఎండలో చెమట పట్టి చుక్క కొంచెం కిందకి జారింది. ఇల్లు చేరేదాకా దాన్ని తుడుచుకోలేదు.